బోటు కదిలితే లోతు అంకె మాయం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

లోతు మీటరు మీద వచ్చిన ప్రశ్నలన్నిటినీ ఈసారి ఒకచోట చేర్చాం. చాలామంది అడిగింది తెర గురించే అయినా, వెతుక్కుంటూ పోతే గుట్టు నీళ్లలోకి శబ్దం వదిలి ప్రతిధ్వని వినే ట్రాన్స్‌డ్యూసర్ దగ్గరే దొరికింది.

ప్రశ్న: మాది ఔట్‌బోర్డ్ ఇంజనున్న ఫైబర్ బోటు. ట్రాన్స్‌డ్యూసర్‌ని వెనక పలకకు బిగించాం. ఆగి ఉన్నప్పుడూ, మెల్లగా పోతున్నప్పుడూ లోతు చక్కగా చూపిస్తుంది. వేగం అందుకోగానే అంకె మిణుకుమిణుకుమంటూ పోతుంది. మీటరు మార్చెయ్యమంటారా?

జవాబు: మార్చకండి. మీటరు పాడైతే ఆగి ఉన్నప్పుడు కూడా చూపించేది కాదు. మీ తంటా అంతా గాలితో.

ట్రాన్స్‌డ్యూసర్ లోపల పింగాణీ జాతికి చెందిన ఒక పిజో బిళ్ల ఉంటుంది. కరెంటు తగలగానే అది వణికి నీళ్లలోకి ఒక టిక్కు వదులుతుంది. ఆ శబ్దం నేలకు తగిలి తిరిగొచ్చి బిళ్లను తాకితే ఈసారి బిళ్లలోనే కరెంటు పుడుతుంది. వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టిందో మీటరు లెక్కపెడుతుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి 10 మీటర్ల లోతుకు రానూపోనూ 13 మిల్లీసెకన్లు చాలు. నీటిలో అంత చురుగ్గా పోయే ఈ శబ్దానికి గాలి ఎదురైతే మాత్రం గోడ ఎదురైనట్టే, దాదాపు మొత్తం అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. బిళ్ల ముఖం కింద బుడగల నురగ పారుతుంటే నేల దాకా పోయేది ఏమీ ఉండదు.

కాబట్టి ఆ నురగ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టండి. బోటు ఇంకొకరి చేతికిచ్చి, మీరు వెనక్కి పోయి, ఒక చేత్తో దేన్నైనా గట్టిగా పట్టుకుని, వెనక పలక కింది అంచును చూడండి. కొన్నిచోట్ల నీరు గాజు పలకలా నున్నగా జారిపోతుంటుంది, కొన్నిచోట్ల తెల్లగా ఉడుకుతుంటుంది. ట్రాన్స్‌డ్యూసర్ ఉండాల్సింది ఆ గాజు పలక కింద. తెల్లటి చారలు పుట్టే చోట్లు ఎప్పుడూ ఒకటే: పడవ అడుగున పొడుగునా సాగే పక్కటెముకల్లాంటి గట్లు, రివెట్ల వరస, ఇంజనుకు నీళ్లు లాగే రంధ్రం, గతంలో ఎవరో అతికించిన ముక్క. వీటి వెనకాల సూటిగా వచ్చే ఏ చోటూ పనికిరాదు. ప్రొపెల్లర్‌కు కూడా దూరం ఉండాలి. ఇంజను పూర్తిగా తిప్పినప్పుడు ప్రొపెల్లర్ ఎంత మేర వస్తుందో చూసి, ఆపైన కనీసం 75 మిల్లీమీటర్లు ఎడం వదలండి. రెక్కలు కిందికి దిగే వైపు నురగ తక్కువ. ముందుకు పోతున్నప్పుడు వెనక నుంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లులా తిరిగేదైతే అది కుడివైపు.

చోటు సరిగ్గా ఉండి కూడా అంకె పోతుంటే ఎత్తు చూడాలి. ఫైబర్ బోటుకైతే ట్రాన్స్‌డ్యూసర్ ముఖం పడవ అడుగు కన్నా 3 మిల్లీమీటర్లు కిందికి దిగాలి, అల్యూమినియం బోటుకు 10 మిల్లీమీటర్లు. పడవ అడుగున ఒక స్కేలు ఆనించి వెనక్కి చాచి కొలవండి, కంటి అంచనా వద్దు. ముఖం నేలకు సమాంతరంగా గానీ, వెనక అంచు ఒకటి రెండు డిగ్రీలు కిందికి వాలి గానీ ఉండాలి. ముందు అంచు కిందికి వాలిందంటే దాని వెనకే బుడగల గుంట తయారవుతుంది. ఎత్తు 3 మిల్లీమీటర్లు దించి, పరుగు తీసి చూడండి. అప్పుడు గానీ కోణం ముట్టుకోకండి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. దించుతూ పోతే ఒక దశలో వెనక నీళ్లు కోడితోకలా ఎగచిమ్ముతాయి. అలా చిమ్మితే ఎక్కువ దించారన్నమాట, వెనక్కి ఎత్తండి.

ఈ ప్రయోగాలకు ప్రతిసారీ వెనక పలకలో కొత్త బెజ్జం వెయ్యకండి. ముందుగా ఒక ప్లాస్టిక్ పలకను సీలెంట్ (నీరు చొరకుండా సందులు మూసే ముద్ద) పెట్టి బిగించి, ఆ పలక మీద బ్రాకెట్టును ఎన్నిసార్లైనా జరుపుకోవచ్చు. వెనక పలకలో చెక్క కూరి ఉన్న ఫైబర్ బోట్లలో సీలెంట్ లేని ఒక్క మర బెజ్జం చాలు, నీరు మెల్లగా లోపలికి చేరి చెక్కను కుళ్లబెట్టడానికి.

ప్రశ్న: కొత్తది కొనాలి. అడుగు తొలిచి పెట్టేది, వెనక పెట్టేది, లోపల అతికించేది అని మూడు చూపించారు. 50 కిలోహెర్ట్జ్, 200 కిలోహెర్ట్జ్ అని ఇంకో తికమక. ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ముందు మీ పడవ దేనితో చేసిందో చూడండి, సగం ప్రశ్న అక్కడే తీరిపోతుంది. చెక్క పడవకు అడుగు తొలిచి పెట్టేదైతే కంచు తొడుగు కావాలి. చెక్క తడిసి ఉబ్బితే ఆ బిగువుకు ప్లాస్టిక్ తొడుగు పగులుతుంది, అందుకే ప్లాస్టిక్ వద్దు. అల్యూమినియం పడవకు కంచు పెట్టడమంటే కోరి తుప్పు తెచ్చుకోవడమే. ఉప్పునీళ్లలో రెండు వేర్వేరు లోహాలు కలిస్తే బ్యాటరీలా పనిచేసి, ఆ రెంటిలో బలహీనమైన అల్యూమినియం కరిగిపోతుంది. అక్కడ ప్లాస్టిక్ వాడండి, లేదా లోహానికి లోహం తగలకుండా విడదీసే బుష్‌తో వచ్చే స్టెయిన్‌లెస్ స్టీలు. ఉక్కు పడవకూ ఇదే మాట. ఫైబర్‌కు కంచూ, ప్లాస్టిక్కూ రెండూ నప్పుతాయి.

ఇక ఫ్రీక్వెన్సీ, అంటే బిళ్ల సెకనుకు ఎన్నిసార్లు వణుకుతుందన్న లెక్క. 200 కిలోహెర్ట్జ్ దగ్గర నీటిలో శబ్ద తరంగం పొడవు ఏడున్నర మిల్లీమీటర్లు, 50 దగ్గర 30 మిల్లీమీటర్లు. పొట్టి తరంగం నేల మీది చిన్న చిన్న తేడాలను కూడా పట్టిస్తుంది, కానీ నీరు దాన్ని తొందరగా మింగేస్తుంది. పొడుగు తరంగం లోతుకు పోతుంది, వివరం తక్కువ. పైగా ఒకే సైజు బిళ్ల అయితే 50 దగ్గర శబ్దం గరాటులా బాగా విచ్చుకుంటుంది. 12 డిగ్రీల గరాటు 10 మీటర్ల లోతున సుమారు 2 మీటర్ల అడ్డకొలత చోటు మీద పడుతుంది. 45 డిగ్రీలదైతే 8 మీటర్ల పైచిలుకు. ఆ 8 మీటర్లలో ఎక్కడ ఒక బండ ఎత్తుగా ఉన్నా మీటరు దాని లోతే చెబుతుంది, పక్కనున్న గుంటను మింగేస్తుంది. తీరానికి దగ్గరగా, వంద మీటర్ల లోపు తిరిగేవారికి 200 చాలు. అంతకు మించిన లోతులో వల వేసేవారికి 50 కూడా ఉన్నది కావాలి. ఒకే ఫ్రీక్వెన్సీ బదులు ఒక పట్టీ మొత్తాన్ని జారుతూ పలికే చర్ప్ రకాలు లోతునూ వివరాన్నీ కొంతవరకు కలిపి ఇస్తాయి. అయితే మీటరూ ట్రాన్స్‌డ్యూసరూ రెండూ చర్ప్‌వే అయి ఉండాలి, ఒకటి కొంటే చాలదు.

ప్రశ్న: అడుగు తొలవడం నాకు ఇష్టం లేదు. లోపల నుంచే ఫైబర్‌కు అతికిస్తే నిజంగా పనిచేస్తుందా?

జవాబు: గట్టి ఫైబర్ అయితే పనిచేస్తుంది. మధ్యలో నురుగు పలకో, బాల్సా చెక్కో కూరిన సాండ్‌విచ్ ఫైబర్ అయితే చెయ్యదు, ఆ కూరిన సరుకు నిండా ఉండేది గాలే. చెక్క పడవలోనూ, లోహపు పడవలోనూ ఈ పద్ధతి వద్దు. పనిచేసేచోట కూడా శబ్దం పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఫైబర్‌ను దాటాలి కాబట్టి పెట్టె మీద రాసిన గరిష్ఠ లోతు మీద ఆశ పెట్టుకోకండి. నీటి ఉష్ణోగ్రత కూడా తెలియదు, అది మీ పడవ అడుగు వెచ్చదనమే చెబుతుంది.

అతికించే ముందు పరీక్ష చెయ్యండి. మొదట ట్రాన్స్‌డ్యూసర్‌ని పడవ పక్కన నీళ్లలోకి దించి, వచ్చిన లోతూ, గెయిన్ (ప్రతిధ్వనిని మీటరు ఎంత పెంచి వినాలో చెప్పే సెట్టింగు) ఎంతలో ఉందో రాసుకోండి. తర్వాత పలచటి ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని అందులో ఉంచి, పడవ లోపలి అడుగును తడిపి దాని మీద ఆ సంచి ఆనించండి. చదునైన చోట్లు నాలుగైదు చూసుకుని ఒక్కోచోట అంకె చూడండి. గెయిన్ కాస్త పెంచితే అదే లోతు నిలకడగా వచ్చే చోటు మీది. మీరు తిరిగే గరిష్ఠ లోతుకు పోయి, వేగంగా నడిపి మరోసారి చూసుకోకుండా జిగురు కలపకండి.

అతికించే చోట పెయింటు గీకేసి, గరుకు కాగితంతో ఫైబర్ నున్నగా అయ్యేదాకా రుద్ది తుడవండి. వాడాల్సింది నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ. సిలికోన్ వద్దు, అది రబ్బరులా శబ్దాన్ని మింగేస్తుంది. ఎపాక్సీని గిలక్కొట్టకుండా మెల్లగా కలిపి, చుట్టూ కట్టిన చిన్న గట్టు మధ్య పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని ఒక అంచు ముందు ఆనేలా దించి, అటూ ఇటూ కొంచెం తిప్పుతూ నొక్కండి. కింద చిక్కిన బుడగలు పక్కలకు జారిపోతాయి. ఒక్క బుడగ ముఖం నడిమధ్య ఉండిపోయినా తర్వాత ఉలి పెట్టి ఊడబెరకడమే గతి. ఆ భయం ఉన్నవారు నూనె గానీ, విషం కాని ప్రొపిలీన్ గ్లైకాల్ గానీ నింపే చిన్న తొట్టి రకం తీసుకోవచ్చు. అది మాకూ ఎక్కువ నచ్చుతుంది. తొట్టి అతుకు ఒక్కటే శాశ్వతం, ట్రాన్స్‌డ్యూసర్ పాడైతే మర విప్పి మార్చుకోవచ్చు. తొట్టిలో ద్రవం తగ్గిందేమో అప్పుడప్పుడు చూడాలి, అంతే.

ప్రశ్న: అడుగు తొలిచే పని ఒడ్డున పెట్టుకున్నాం. ఎక్కడ తప్పు జరిగే అవకాశం ఉంది?

జవాబు: చోటు దగ్గర ఒకటి, అతుకు దగ్గర రెండు.

ఇంజను బోటుకు మధ్య గీతకు దగ్గరగా, వేగంలో కూడా నీటిని వదలని వెనక సగంలో, ప్రొపెల్లర్‌కూ నీళ్లు లాగే రంధ్రాలకూ ముందు పెట్టండి. తెరచాప పడవకు కీల్‌కు, అంటే అడుగున మధ్య గీత మీద కిందికి దిగి ఉండే రెక్కకు, 30 నుంచి 60 సెంటీమీటర్లు ముందు. లోపల నుంచి చెయ్యీ, పానా రెండూ చేరే చోటేనా అని చూసుకోవడం మరిచిపోయి తలపట్టుకునేవారు ఎక్కువ.

పడవ అడుగు వాలుగా ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌డ్యూసర్‌ని ఉన్నదున్నట్టు బిగిస్తే అది పక్కకు చూస్తుంది. 15 డిగ్రీల వాలు ఉంటే 20 మీటర్ల లోతున గరాటు మధ్య భాగం 5 మీటర్లకు పైగా పక్కకు పడుతుంది, ప్రతిధ్వని చాలావరకు మీ వైపు కాక అటే జారిపోతుంది. వాలును సరిచేసే దిమ్మెను పడవ కోణానికి తగ్గట్టు కోసి బయట ఒకటి, లోపల ఒకటి పెట్టాలి. లేదా లోపలి బిళ్లనే 12 డిగ్రీలకో, 20 డిగ్రీలకో వాల్చి తయారుచేసిన రకం కొనాలి. వాల్చిన రకంలో ఏ వైపు కీల్ దిక్కుకు ఉండాలో గుర్తు ఉంటుంది. అది తిరగబడితే వాలు తగ్గకపోగా రెట్టింపవుతుంది.

లోపల నుంచి 3 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, బయటికి పోయి అది మీరనుకున్న చోటే వచ్చిందా చూడండి. రాకపోతే ఆ చిన్న బెజ్జాన్ని పూడ్చడం సులువు. సరిగ్గా ఉంటే బయట నుంచి హోల్‌సాతో (గుండ్రటి రంధ్రం కోసే రంపంతో), మాన్యువల్లో చెప్పిన సైజులో తొలవండి. సాండ్‌విచ్ ఫైబర్ అయితే లోపలి పొరనూ, మధ్యలో కూరిన సరుకునూ బయటి రంధ్రం కన్నా కనీసం 20 మిల్లీమీటర్లు వెడల్పుగా తీసేసి, ఆ ఖాళీ అంతా ఎపాక్సీతో నింపండి. అది గట్టిపడ్డాక దాని మధ్యలోంచి అసలు రంధ్రం వెయ్యండి. ఈ పని ఎగ్గొడితే నట్టు బిగించేసరికి మధ్య సరుకు నలుగుతుంది, సీలెంట్ వదులవుతుంది, నీరు రెండు పొరల మధ్యకు పాకుతుంది. బయటికి చుక్క కనిపించదు, ఏడాది తిరిగేసరికి అడుగు మెత్తబడుతుంది.

సీలెంట్ పెట్టకుండా ఒకసారి పొడిగా కూర్చి చూసుకోండి. తర్వాత పడవలకు వాడే సీలెంట్‌ను అంచు కిందా, గొట్టం చుట్టూ 2 మిల్లీమీటర్ల మందాన, అడుగు మందమూ వాషరూ నట్టూ కలిపిన ఎత్తు కన్నా 6 మిల్లీమీటర్లు పైదాకా పూయండి. ప్లాస్టిక్ తొడుగు నట్టును చేత్తోనే బిగించండి. పానాతో ఒక్క గుంజు ఎక్కువ గుంజితే మరలు చీలతాయి. చెక్క పడవకైతే నీళ్లలో ఒక రోజు నానాక చివరి బిగింపు ఇవ్వాలి. పడవను నీళ్లలోకి దించగానే దగ్గర కూర్చుని చూడండి, కొన్ని గంటలకు మళ్లీ చూడండి, మర్నాడు మళ్లీ. మొదటి రాత్రి కాపలా లేకుండా వదలకండి.

ప్రశ్న: సీసపు గుండు కట్టిన తాడుతో కొలిస్తే 3.2 మీటర్లు. మీటరేమో 2.8 అంటోంది. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తాడు నీటి మట్టం నుంచి కొలిచింది. మీటరు తన ముఖం నుంచి కొలిచింది. మీ ట్రాన్స్‌డ్యూసర్ నీటి మట్టానికి 0.4 మీటర్లు కింద ఉన్నట్టుంది. మెనూలో ఆఫ్‌సెట్ (అంకెకు కలిపే, తీసే సవరణ) +0.4 పెడితే నీటి మొత్తం లోతు వస్తుంది. కీల్ కింద ఎంత నీరుందో తెలియాలంటే కీల్ అడుగు నీటి మట్టానికి 1.2 మీటర్లు కింద ఉందనుకోండి, అప్పుడు –0.8 పెట్టాలి. రెండిట్లో ఏది పెట్టారో తెర పక్కన ఒక చీటీ అంటించండి. మీ పద్ధతి తెలియని ఇంకొకరు నడుపుతూ కీల్ కింద 3.2 ఉందనుకుంటే ఇసుకదిబ్బ ఎక్కిస్తారు.

మరో తేడా కూడా ఉంది. మీటరు సాధారణంగా సెకనుకు 1500 మీటర్ల వేగం అనుకుని లెక్కిస్తుంది. 5 డిగ్రీల చల్లటి మంచినీటిలో శబ్దం 1426 మీటర్లే పోతుంది. అక్కడ నిజంగా 10 మీటర్లుంటే తెర మీద 10.5 కనిపిస్తుంది. ఉన్నదానికన్నా ఎక్కువ చూపించడం ప్రమాదం వైపు తప్పు. 30 డిగ్రీల సముద్రపు నీటిలో 1545 దాకా పోతుంది, 10 మీటర్లకు 9.7 చూపిస్తుంది. మంచినీరు, ఉప్పునీరు అని ఎంచుకునే వీలు మీ మెనూలో ఉంటే వాడుకోండి. బారల్లో లెక్కపెట్టే అలవాటున్నవారికి: ఇంగ్లీషు ఫాదం 6 అడుగులు, అంటే 1.83 మీటర్లు. మనిషి చేతుల చాపుతో కొలిచిన బార ఎప్పుడూ అంత కచ్చితంగా ఉండదు.

ప్రశ్న: మీటరు ఒక్కోసారి ఉన్న లోతుకు సరిగ్గా రెట్టింపు చూపిస్తుంది. ఇంకోసారి వందల మీటర్ల నీటిలో 4 మీటర్లంటుంది.

జవాబు: రెట్టింపు వచ్చేది తక్కువ లోతులో, గట్టి నేల మీద. శబ్దం నేలకు తగిలి, నీటి మట్టానికి తగిలి, మళ్లీ నేలకు పోయి వస్తుంది. మీటరు ఆ రెండో ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. గెయిన్ తగ్గిస్తే పోతుంది. రెండోది అందుకు ఎదురు: నేల అందనంత లోతులో ఉంటే మీటరు ఖాళీగా కూర్చోలేక దగ్గర్లోని బుడగలనో, చేపల గుంపునో, మరో పడవ వదిలిన నురగనో నేల అనుకుంటుంది. ఇలాంటి అంకె నిలకడగా ఉండదు, మిణుకుమంటుంది. పక్కనే మరో పడవ అదే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తున్నా ఏటవాలు చుక్కల వానలా గీతలు పడతాయి. అర మీటరు కన్నా తక్కువ నీటిలో మాత్రం చాలా మీటర్లు తడబడతాయి. టిక్కు వదిలాక బిళ్ల గంటలా కాసేపు మోగుతూ ఉంటుంది, ఆ మోత తగ్గకముందే ప్రతిధ్వని వచ్చేస్తే వినపడదు.

ప్రశ్న: కేబుల్ చాలా మిగిలింది. కత్తిరించి కలపొచ్చా?

జవాబు: వద్దు. తిరిగొచ్చే సంకేతం చాలా బలహీనమైనది, దాన్ని కాపాడేది కేబుల్ చుట్టూ ఉన్న జల్లెడ తొడుగు. కలిపినచోట అది తెగితే ఇంజను చప్పుడంతా తెర మీదికి వస్తుంది. మిగిలిన కేబుల్‌ని పెద్ద చుట్టలుగా వదులుగా కట్టి పొడిచోట ఉంచండి. ఇంజను వైర్లకూ, రేడియో ఏరియల్ తీగకూ, బ్యాటరీ మోటారు తీగలకూ దూరంగా లాగండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. తెర మీద గీతలు పడుతుంటే ఇంజను ఆపి చూడండి, తర్వాత ఒక్కో పరికరాన్ని ఆపుతూ పోండి. దేన్ని ఆపితే గీతలు పోయాయో అదే దొంగ. ఇంజను స్టార్టు చేసినప్పుడల్లా మీటరు ఆరి వెలుగుతుంటే అది ట్రాన్స్‌డ్యూసర్ తప్పు కాదు, స్టార్టర్ లాగినప్పుడు వోల్టేజి పడిపోతోంది. మీటరుకు బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేరే తీగ ఇవ్వండి.

ప్రశ్న: పాకుడూ, గుల్లలూ పట్టకుండా దాని మీద కూడా పడవ పెయింటే వేస్తే పోలా?

జవాబు: నీటితో కలిపే రకమైతే వెయ్యండి, పలచగా. కీటోన్ కలిసిన పెయింట్లూ, అసిటోన్, థిన్నర్ ప్లాస్టిక్ ముఖాన్ని మెత్తబరిచి పగులు తెస్తాయి. మందంగా పూసిన పెయింటులో బుడగలు చిక్కుకుంటాయి, మళ్లీ మొదటి ప్రశ్నకే వస్తారు. రాగి కలిసిన పెయింటు లోహపు తొడుగు మీద వద్దు.

మెత్తటి పాకుడు పడితే గుడ్డ, గిన్నెలు తోమే సబ్బునీళ్లు చాలు. గుల్లలు పట్టేస్తే ప్లాస్టిక్ ముక్కతో పక్క నుంచి నెట్టి ఊడదీసి, మిగిలిన మరకను 220 నంబరు గరుకు కాగితం తడిపి మెల్లగా రుద్దండి. ఉలీ, ఇసుక జెట్టూ దగ్గరికి రానీయకండి. ట్రాలీ మీద ఎండి, దుమ్మూ నూనె పట్టిన ట్రాన్స్‌డ్యూసర్‌ని నీళ్లలోకి దించితే ముఖం తడవకుండా పలచటి గాలి పొర అంటుకుని ఉండిపోతుంది, మొదటి అరగంట అంకె రాకపోవడానికి చాలాసార్లు కారణం అదే. దించే ముందు ఒక చుక్క సబ్బు వేలితో ముఖమంతా రుద్దండి. అప్పటికీ అంకె రాకపోతే లోపల మీటరు వేసి ఉంచి, ఒడ్డున ట్రాన్స్‌డ్యూసర్ దగ్గర చెవి పెట్టి వినండి. టిక్కు టిక్కుమని సన్నగా వినబడితే కరెంటు అక్కడిదాకా చేరుతున్నట్టే. ఏమీ వినబడకపోతే కనెక్టర్ విప్పి పిన్నుల మీద పచ్చటి తుప్పు పట్టిందేమో ముందు చూడండి.